అడవి మనుషుల నోట మా అత్త మాట

మా మనవరాలు కర్నూలులో డిగ్రీ చదువుతోంది. మొన్న రెండు రోజుల సెలవుకు కడపకు వచ్చినప్పుడు ఒక కాగితం, కలం పట్టుకుని నా పక్కన చేరింది. కళాశాలలో వక్తృత్వ పోటీ ఉందట. సాహస చిత్రాలు పరాయి దేశాల మనుషులను జాతి వివక్షతో చూపిస్తున్నాయా లేదా అన్నది విషయమట. తాత ఒకప్పుడు సినిమాలకు మాటలు రాశాడని వాళ్లమ్మ చెప్పిందట, అందుకని నాలుగు మంచి పాయింట్లు చెప్పమని అడిగింది. తెల్లవాళ్లు మనల్ని పాములాడించేవాళ్లుగా, నరబలులిచ్చేవాళ్లుగా ఎలా చూపిస్తూ వచ్చారో చెబుదామని గొంతు సవరించుకున్నాను కూడా. తీరా నోరు తెరిచేసరికి తెల్లవాళ్ల సంగతి పక్కకుపోయి నేను చేసిన పని గుర్తుకొచ్చింది. ఆ పిల్లకు చెప్పిందే ఇక్కడ కాస్త సావకాశంగా రాస్తున్నాను.

నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఇంగ్లీషు సాహస చిత్రాలు తెలుగు మాట్లాడడం మొదలుపెట్టిన కొత్తలో మన చిన్న ఊళ్లలో వాటికి ఎంత గిరాకీ ఉండేదో. నేను తెలుగు పండిత శిక్షణ ముగించి, ఉద్యోగం దొరక్క, దూరపు బంధువు ఒకాయనను పట్టుకుని మద్రాసు చేరినది సరిగ్గా ఆ రోజుల్లోనే. అక్కడ డబ్బింగు చిత్రాలకు మాటలు రాసే పని కుదిరింది. రాయడమంటే కథ తెలిసి రాసేయడం కాదు. తెర మీద మనిషి పెదవులు మూసుకున్న చోట మన మాటలోనూ ప, బ, మ లాంటి అక్షరం పడాలి, ఆయన నోరు తెరిచి ఉన్నంతసేపూ మన మాటా సాగాలి. పద్యాలకు గణాలు కట్టిన అలవాటు నాకు అందులో బాగా పనికొచ్చింది.

నేను చెప్పే సినిమా పేరు ఇక్కడ అక్కర్లేదు, అలాంటివి అప్పట్లో డజన్ల కొద్దీ వచ్చేవి. ఒక తెల్ల దొర, ఆయన ప్రియురాలు నిధి కోసం ఒక అడవిలోకి వెళ్తారు. ఆ అడవి ఏ దేశంలోదో సినిమాలో ఎక్కడా చెప్పరు. అక్కడి జనం ఒంటికి రంగులు పూసుకుని, చేతుల్లో బల్లేలతో, మనుషులను తినేవాళ్లు. వాళ్ల పెద్ద ఒక ముసలాయన, దొరను చెట్టుకు కట్టేయిస్తాడు. చివరికి దొర తప్పించుకుని, ముసలాయనను కాల్చి, గుడిసెలకు నిప్పుపెట్టి, నిధితో బయటపడతాడు. మాకు పంపిన ఇంగ్లీషు కాగితాల్లో దొర దగ్గిన దగ్గు కూడా రాసి ఉండేది. అడవి జనం నోరు విప్పిన ప్రతిచోటా మాత్రం ‘అరుస్తారు’ అన్న ఒక్క మాటే.

సినిమాను కొన్నాయన కోస్తా జిల్లాలవాడు. ఇలాంటి సినిమాల్లో అరుపుల దగ్గర జనం లేచి టీకి పోతున్నారని, అక్కడ నవ్వించే మాటలేవైనా వేయమని నాకు చెప్పాడు. ఏ మాటకు నవ్వుతారో నాకు బాగా తెలుసు. మద్రాసు వెళ్లిన కొత్తలో నేను నోరు జారి ‘యాడ’ అన్నా, ‘శానా’ అన్నా రికార్డింగు గదిలో అందరూ పడీ పడీ నవ్వేవాళ్లు. ఏడాది తిరిగేసరికి ఆ మాటలు నా నోట రాకుండా జాగ్రత్తపడడం నేర్చుకున్నాను. నేను దాచుకున్న ఆ మాటలన్నీ తీసి అడవి జనం నోట్లో పెట్టాను. ముసలాయన చెట్టుకు కట్టేసిన దొర ముందుకొచ్చి రెండు చేతులూ చాచే చోట పెదవుల కదలికకు సరిపోయే మాట చాలాసేపు దొరకలేదు. చివరికి దొరికింది. “రాప్పా, కూచో. ఇంత సంగటి తిని పోదువులే.” అక్షరం అక్షరం అతికినట్టు సరిపోయింది. గొంతు ఇచ్చేవాళ్లకెవరికీ ఆ పలుకు పట్టుబడక, చివరికి ముసలాయనకు నేనే గొంతిచ్చాను. గదిలో నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. నాకు ఎంత గర్వంగా ఉండిందో చెప్పలేను.

ఆ మాట మా మేనత్తది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. వేంపల్లెలో సంతకు పోయే దారి పక్కనే ఆమె ఇల్లు. చుట్టుపక్కల పల్లెల నుంచి చెనక్కాయల మూటలతో, మేకలతో వచ్చేవాళ్లు దాహానికని మా వాకిట ఆగేవాళ్లు. తెలిసినవాళ్లో తెలియనివాళ్లో ఆమె చూసేది కాదు, పీట వాల్చి ఆ మాట అనేది. ఎన్ని వేలసార్లు విన్నానో ఆ మాట! దాన్ని ఇంకొకరి నోట్లో పెట్టేముందు ఆమెను అడగాలన్న ఊహ కూడా నాకు రాలేదు.

సినిమా అన్ని ఊళ్లూ తిరిగి వేంపల్లెకు వచ్చిన వారం నేను పనిగట్టుకుని ఊరికి వెళ్లి అత్తను మ్యాట్నీకి తీసుకుపోయాను. ఆమె సినిమాలు చూసేదే అరుదు, చూసినా దేవుళ్లవి. నేను రాసినదని చెబితే ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. ఆడవాళ్ల వైపు కాకుండా వెనక కుర్చీల్లో నా పక్కనే కూర్చుంది. దొర మాటలు ఆమెకు అంతగా పట్టలేదు. అడవి జనం వచ్చి మాట్లాడడం మొదలుపెట్టగానే మాత్రం ముందుకు వంగింది. ముసలాయన చేతులు చాచి ఆ మాట అన్నాడు. పైకప్పు ఎగిరిపోయేలా హాలంతా నవ్వింది. మద్రాసులో నవ్వారు, కోస్తా ఊళ్లలో నవ్వారని విన్నాను, అయితే అందరికన్నా ఎక్కువగా నవ్వింది మా వేంపల్లె జనమే. అత్త నా చేయి పట్టుకుంది.

“ఇది నీ గొంతు గదరా!” అంది. ఆ చీకట్లో కూడా ఆమె ముఖం వెలిగిపోవడం నాకు కనిపించింది.

అక్కడి నుంచి ఆమె ఆ ముసలాయననే చూసింది. ఆయన కనిపించినప్పుడల్లా మావాడు అన్నట్టు నా చేయి నొక్కేది. గుడిసెలకు నిప్పంటుకుని, దొర తుపాకీ ఎత్తి ముసలాయనను గుండెల మీద కాల్చినప్పుడు, కింద పడుతూ ఆయన పెట్టిన కేక కూడా నాదే. హాలంతా ఈలలు. ఆ ఈలల మధ్య మా అత్త లేచి నిలబడింది.

“ఏం జేసినాడప్పా ఆయప్ప? కూడు తినమన్న్యాడు గదా! అంత మాత్రానికి సంపుతారా?”

నాటకాల్లో గొంతెత్తినట్టు కాదు, ఎదురింటివాళ్లను నిలదీసినట్టు అడిగింది. ఒక్క క్షణం అందరూ వెనక్కి తిరిగి చూశారు, తర్వాత సినిమాకన్నా దీనికే ఎక్కువ నవ్వారు. నేను ఆమె కొంగు పట్టుకుని కిందికి లాగాను. కూచో అత్తా, పరువు పోతోంది అని పళ్ల బిగువున అన్నాను. ఆమె కూర్చుంది. ఇన్నేళ్ల తర్వాత కూడా నన్ను ఎక్కువగా బాధించేది నేను రాసిన మాటలు కావు, ఆ కొంగు లాగడం.

బయటికి వచ్చేసరికి ఎండ ఇంకా తగ్గలేదు. ఇద్దరం ఇంటి దారి పట్టాం. నడుస్తూ ఆమె ఏదో వంట సంగతి అడిగినట్టు అడిగింది.

“ఆ ముసలాయప్పకు పేరేందిరా?”

పేరు లేదని చెప్పాను.

“దొరకుండాదే?”

దొరకు ఉందన్నాను.

“వాల్లు మనుషుల్ని తింటారని ఎవురు జెప్పిరి?”

కథే అంత అత్తా, అన్నాను. ఆమె కొంచెం దూరం నడిచి, “నాకేమో వాల్లు మన మాదిరే ఉండారు,” అంది. “వాల్లు మాట్లాడింది ఒక్కటీ నాకు అర్థం గాకుండా పోలేదు. అర్థమైనంక సచ్చిపోతాంటే ఎట్ల నవ్వేదిరా?”

నన్ను తిట్టలేదు. తన మాట ఎందుకు తీసుకున్నావని కూడా అడగలేదు. అది తన మాట అని ఆమెకు తట్టిందో లేదో కూడా నాకు తెలియదు. అందరూ అనే మాటే కదా అనుకుని ఉంటుంది.

ఊరికి మాత్రం తట్టింది. ఆ వారమంతా ఆమె నీళ్లకు పోతుంటే, అంగడికి పోతుంటే, వెనక నుంచి ఎవరో ఒకరు బల్లెం పట్టుకున్నట్టు చేయి ఎత్తి ఆ మాట అనేవారు. మొదట ఆమె కూడా నవ్వింది. నేను తిరిగి మద్రాసు వెళ్లాక, ఒకరోజు పులివెందుల వైపు నుంచి మా చిన్నాన్న కూతురిని చూసుకోవడానికి మగపెళ్లివాళ్లు వచ్చారట. అత్త అలవాటుగా, రాప్పా కూచో, అనగానే గుమ్మంలో నిలబడ్డ ఆడపిల్లలు కిసుక్కున నవ్వారట. వచ్చినవాళ్లు తమను చూసే నవ్వారనుకుని ముఖాలు మాడ్చుకున్నారట. సంబంధం చెడలేదు గానీ ఆ రోజుతో అత్త ఆ మాట మానేసింది. ఆ తర్వాత నేను వెళ్లినప్పుడల్లా చూశాను. ఎవరు వచ్చినా పీట వాల్చేది, చెంబుతో నీళ్లు తెచ్చేది, సంగటి ముద్ద పెట్టేది, నోరు మాత్రం విప్పేది కాదు. వచ్చినవాళ్లు కూర్చోవాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించేవాళ్లు.

ఇదంతా చూసి నేను వెంటనే ఆ పని వదిలేశానని రాస్తే బాగుంటుంది. అలా జరగలేదు. అలాంటివే ఇంకో రెండు సినిమాలకు రాశాను, అడవి జనానికి అదే యాస, అవే నవ్వులు. మూడోదానికి కూర్చున్నప్పుడు, ‘అరుస్తారు’ అని ఉన్నచోట ఎందుకో ఒక ముసలాయనకు పేరు పెట్టాను. మా మేకలేవి, మా నీళ్లలో ఎవరు దిగారు అని ఆయన చేత మామూలు తెలుగులో అడిగించాను. సినిమా కొన్నాయన అంతా విని, చదువుకున్నవాడి మాటల్లా ఉన్నాయి, వీళ్లు ఇలా మాట్లాడితే దొర కాల్చినప్పుడు ఈల ఎవడు వేస్తాడయ్యా, అన్నాడు. కోపంతో కాదు, వ్యాపారం తెలిసిన మనిషి ఉన్నమాటే చెప్పాడు. ఆ ముక్క ఇంకొకరి చేత రాయించాడు. తర్వాత నన్ను పిలవడం తగ్గించాడు, నేనూ అడగడం తగ్గించాను. మరుసటి ఏడు బద్వేలులో తెలుగు పండితుడిగా ఉద్యోగం వచ్చింది. పదవీ విరమణ వరకు సంధులు, సమాసాలు చెప్పుకుంటూ బతికాను. అత్తకు క్షమాపణ చెప్పాలని ఒకటి రెండుసార్లు అనుకున్నాను గానీ, ఆమె నన్ను చూడగానే ఎప్పటిలా సంగటి పెట్టి, విసనకర్ర పట్టుకుని పక్కన కూర్చునేది. ఆ సంగతి ఎత్తితే, నవ్వుల కోసమే తన మాట వాడుకున్నానన్న, ఆమెకు తెలియని అవమానం కూడా నేనే తెలియజేసినట్టవుతుందని ఊరుకున్నాను. అది దయో పిరికితనమో ఆమె పోయాక కూడా నేను తేల్చుకోలేకపోయాను.

వేంపల్లెలో మేము ఆ సినిమా చూసిన హాలు ఇప్పుడు లేదు. కొన్నాళ్లు ధాన్యం నిల్వ చేశారు, తర్వాత పడగొట్టి దుకాణాలు కట్టారు. అలాంటి సినిమాలు మాత్రం ఇంకా వస్తూనే ఉన్నాయి, అడవులు మారాయి, రంగులు బాగా కుదురుతున్నాయి. ఇప్పుడు వాటిని ఎవరి ఫోనులో వాళ్లు, చెవుల్లో తీగలు పెట్టుకుని, ఒక్కరే చూస్తారు, ఒక్కరే నవ్వుకుంటారు. మా రోజుల్లో హాలంతా నవ్వుతున్నప్పుడు, ఆ నవ్వులో కలవని మనిషి ఎవరైనా ఉంటే, మన పక్క కుర్చీలోనే ఉండేది. ఇప్పుడు ఆ మనిషి ఏ ఇంట్లో, ఏ గదిలో లేచి నిలబడిందో ఎవరికీ కనిపించదు.