పాపటలు పూడిన తల

నా తలమీది జడలు ఎవరివని ఎవరైనా అడిగితే నేను ఇప్పటికీ నీళ్లు నములుతాను. షార్జాలో నా పక్క మంచం మీద పడుకున్న ఘనా దేశపు దోస్తు కట్టినవి అనడం నిజమే. ఎల్లమ్మ తల్లి ఇచ్చినవి అని మా మండలంలో సగం మంది అంటారు, వాళ్లతో వాదించడం నేను ఎప్పుడో మానేశాను. వీళ్లిద్దరూ కాక మూడో మనిషి కూడా ఉంది. ఆ మనిషి సంగతి తెలిసిన రోజు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

షార్జాలో మా కంపెనీ జీతాలు ఆపేసిన కాలంలో మొదలైంది ఇదంతా. పని లేదు, పంపించరు, క్యాంపులోనే పడి ఉండాలి. కటింగ్‌కు పోవడానికి కూడా చేతిలో పైసలు ఆడక జుట్టు భుజాల దాకా పెరిగింది. ఎండకు, చెమటకు నెత్తి దురదపెట్టి చిరాకుగా ఉండేది. ఒక శుక్రవారం నా దోస్తు నన్ను కింద కూర్చోబెట్టి, దువ్వెన తోకతో నా తలంతా గళ్లు గళ్లుగా పాపటలు తీశాడు. నారుమడికి గట్లు వేసినట్టు అంత శ్రద్ధగా. తర్వాత ఒక్కో గడిలోని వెంట్రుకలను చిక్కుపెట్టి, కొక్కెం సూదితో లోపలికి లాగి లాగి జడ చేశాడు. పొద్దంతా పట్టింది. తల ఎంత సలిపిందంటే ఆ రాత్రి బోర్లా పడుకున్నాను.

అద్దంలో చూసుకుంటే జడల మధ్య తెల్లగా మాడు కనిపిస్తోంది. మొదళ్లు ఈత ముల్లంత సన్నం. ఇదేం అందంరా అంటే, క్యాంపు హిందీలో నవ్వుతూ చెప్పాడు: ఇవి ఇంకా పిల్ల జడలు, ముదిరితే మొదళ్లు లావెక్కుతాయి, గీతలు వాటంతటవే పోతాయి, నువ్వు మాత్రం చేతులు పెట్టకు. అది ఒక్కటే నా వల్ల కాలేదు. పని లేని మనిషి చేతులు ఊరుకుంటాయా? పొద్దున లేస్తే జడల మొదళ్లు మెలిపెడుతూ కూర్చునేవాణ్ని. మెలిపెట్టిన కొద్దీ ఇంకా సన్నబడ్డాయి. ఆఖరికి కంపెనీ మమ్మల్నందరినీ విమానం ఎక్కించేసింది. అదే తలతో ఇంటికి వచ్చాను.

మా ఊరు కోరుట్ల నుంచి మేడిపల్లి పోయే దారిలో లోపలికి ఉంటుంది. మా ఇళ్లలో అమ్మను అవ్వ అంటాం. నేను వచ్చేసరికి అవ్వ వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. మా నాయన తాటిచెట్లెక్కి కల్లు గీసే మనిషి. చెట్లు ఎండిపోయి కల్లు సాగక మస్కట్ పోయాడు, పెట్టెలో వచ్చాడు. అప్పుడు నాకు గుండు చేయించారు. ఆ తర్వాత నేను కూడా దుబాయి దారే పట్టాను. మా వైపు ఏ దేశం పోయినా దుబాయి పోయినట్టే లెక్క. అలా పోయిన కొడుకు నడిచి ఇంటికి వస్తే అవ్వ ఏడుస్తుందనుకున్నాను. తిట్టింది.

"గిదేందిరా గీ నెత్తి? దయ్యం పట్టినోని లెక్క! రేపే పోయి తీపిచ్చుకో."

"తీపిచ్చుకుంట తియ్యవ్వా. ఇంట్లకన్న రానియ్యి."

అన్నం పెట్టింది. నేను తింటుంటే చాలాసేపు నా తలవైపే చూసి, "మళ్ల పోతవా?" అని అడిగింది.

"ఈడ పని దొరికితె ఎందుకు పోత? దొరకకపోతె పోవుడే గద."

అవ్వ ఇంకో గరిటె పప్పు వేసింది.

మర్నాడు కోరుట్లలో కటింగ్ షాపుకు పోయాను. చిన్నప్పటి నుంచీ నా జుట్టు కోసింది ఆయనే. నా తలను అటు తిప్పి ఇటు తిప్పి కడుపు పట్టుకుని నవ్వాడు. "ఎవడు కట్టిండురా గివి? స్కేలు పెట్టి గీసినట్టున్నయి పాపటలు. నేనింకా ఎల్లమ్మ జడలేమో, ముడితె పాపమేమో అని భయపడ్డ. దేవుడు గిట్ల గళ్లు కొట్టి ఇస్తడా?" అని మిషన్ చేతిలోకి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే సిరిసిల్ల నుంచి మా బావ ఫోన్ చేశాడు. మరమగ్గాల సాంచెల మీద పని ఖాళీ ఉంది, సాయంత్రంలోపు రాకపోతే ఇంకొకరు ఎక్కుతారు అన్నాడు. మళ్లీ వస్తానని చెప్పి బస్సు పట్టుకున్నాను. ఆ మిషన్ ఒక్క నిమిషం ముందు తిరిగి ఉంటే ఈ కథే లేదు.

సిరిసిల్లలో మా అక్క ఇంట్లో ఉంటూ మరమగ్గాల కార్ఖానాలో చేరాను. నోటి మాట వినపడనీయని ఆ చప్పుడు నాకు మొదట్లో నచ్చింది, ఆలోచించే బాధ ఉండదు. సేటు నా తల చూడగానే, అది సాంచెలో చిక్కుకుంటే ప్రాణం పోతుందని గట్టిగా కట్టుకొమ్మన్నాడు. పొద్దంతా తువ్వాలు బిగించి కట్టుకునేవాణ్ని. ముడి సరిగ్గా ఎడమ చెవి వెనక పడేది. కొన్నాళ్లకు అక్కడి జడ దారంలా అయిపోయింది. చుట్టూ మాడు బిళ్లంత బయటపడింది.

సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు చూస్తే మా గల్లీ శివసత్తి మా వాకిట్లో కూర్చుని ఉంది. బోనాలప్పుడు ఒంటిమీదికి అమ్మవారు వచ్చే మనిషి. ఆమె జడలు నడుము దాకా ఉంటాయి, వాటంతటవే కట్టినవి. జడలు తీయించుకుందామని వచ్చిన నన్ను అవ్వ ఎండలో కూర్చోబెట్టి తల ఆమెకు చూపించింది. ఆమె మాట్లాడింది అవ్వతోనే. నేను అక్కడ లేనట్టు.

"చేత్తోటి కట్టినయి వదినె గివి. అమ్మ ఇచ్చిన జడలకు పాపటలుండయి. నాయి చూడరాదు."

ఆమె తల వంచింది. నిజమే, ఎక్కడా గీత లేదు. ఏ జడ ఎక్కడ మొదలైందో తెలియదు. గడ్డి దుబ్బులాగా ఒకదానిలోంచి ఒకటి వచ్చాయి.

"మరి గివి గట్ల కావాల్నంటె?" అని అడిగింది అవ్వ.

ఎగతాళి చేస్తోందనుకున్నాను. కాదు. శివసత్తి కూడా వింతగా చూసి, తర్వాత ఓపిగ్గా చెప్పింది. బిగించి కట్టొద్దు. మెలిపెట్టొద్దు. మొదట్లో నూనె రాయొద్దు, వెంట్రుక జారిపోతుంది. కుంకుడుకాయతో కడిగి ఎండలో బాగా ఆరబెట్టాలి. కొత్తగా మొలిచిన చిన్న వెంట్రుకలను దువ్వి పారెయ్యకుండా జడలోకే పోనివ్వాలి.

తీయించుకునే మాట అవ్వ ఇక ఎత్తనివ్వలేదు; ఆ రోజు నుంచి నేను సెలవుకు వచ్చినప్పుడల్లా అదే పని. నేను అవ్వ ముందు పీట వేసుకుని తల దించుకుని కూర్చోవాలి. అవ్వ పాపట మీద మొలిచిన పిల్ల వెంట్రుకలను ఒకటి ఇటు జడలోకి, ఒకటి అటు జడలోకి తోసేది. బీడీ మూతి మడిచి మడిచి అలవాటైన వేళ్లు కదా, ఎంత పొట్టి వెంట్రుకైనా పట్టి లోపలికి దూర్చేసేవి. మరీ బలం లేని జడలు రెండు పక్కపక్కన ఉంటే, వాటిని మొదట్లోనే కలిపి ఒకటి చేసింది. ముందు గీతలు వంకర పోయాయి. తర్వాత ముక్కలైపోయాయి. ఆ తర్వాత వెతుక్కుంటే తప్ప దొరకలేదు. సిరిసిల్లలో బిగింపు తువ్వాలు మాన్పించి, తన పాత చీర చింపి వదులు టోపీలాంటిది కుట్టి ఇచ్చింది. అది పెట్టుకుంటే సేటు కూడా ఏమీ అనలేదు.

నాకేమీ అర్థం కాలేదు. దయ్యం పట్టినోడిలా ఉన్నావని తిట్టిన మనిషి ఇంత సేవ ఎందుకు చేస్తోంది? నాయన పోయాక అవ్వ గుడి మెట్టు ఎక్కింది కూడా తక్కువే. ఒకసారి తల దించుకునే అడిగాను.

"అవ్వా, నువ్వు నమ్ముతున్నవా ఏంది గీ జడలను?"

"నమ్మితె ఏంది, నమ్మకపోతె ఏంది? నెత్తి కదిలియ్యకు."

అవ్వ సంగతి ఎలా ఉన్నా ఊరు మాత్రం నమ్మడం మొదలుపెట్టింది. మేడిపల్లి బస్సులో ఒక ముసలాయన లేచి నాకు సీటు ఇచ్చాడు. ఎంత వద్దన్నా కూర్చోలేదు, నేనూ కూర్చోలేదు, ఆ సీటు ఖాళీగానే ఊరు చేరింది. ఒకామె కొబ్బరికాయతో ఇంటికి వచ్చి, సౌదీలో ఉన్న తన భర్త ఫోన్ చేయడం లేదని, ఎప్పుడు చేస్తాడో చెప్పమని ఏడ్చింది. క్యాంపుల్లో శుక్రవారం సెలవు తప్ప తీరిక దొరకదని నాకు తెలుసు. "శుక్రవారం చేస్తడు తియ్యక్కా" అన్నాను, ఓదార్పుగా. అతను శుక్రవారమే చేశాడు. ఇంకేముంది, ఆ తర్వాత నేను రోడ్డు మీద తుమ్మినా దానికొక అర్థం వెతికేవాళ్లు. నాకు సిగ్గుగా ఉండేది, కోపం వచ్చేది. వాళ్ల ముఖాలు చూస్తే ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలిసేది కాదు. ఒక్కోసారి ఒంటరిగా ఉన్నప్పుడు తల తడుముకుని, ఏమో, నిజమేనేమో అని కూడా అనుకున్నాను. నా దోస్తు తీసిన గీతలు నా చేతికే దొరకడం లేదు మరి.

అంతలో సిరిసిల్లలో చీరల ఆర్డర్లు ఆగిపోయాయి. కార్ఖానాలు ఒకటొకటిగా మూతపడ్డాయి. ఆ చప్పుడు ఆగిపోయిన వీధిలో నడవాలంటేనే భయం వేసింది. మా బావ మహారాష్ట్రలోని భివండి మగ్గాలకు పోతానని సంచి సర్దుకున్నాడు. నేను జగిత్యాల పోయి ఏజెంటును కలిశాను. దుబాయిలో పెద్ద దుకాణంలో పని, మంచి వీజా, ఎల్లుండి ఇంటర్వ్యూ అన్నాడు. అన్నాక నా టోపీ తీయించాడు.

"తమ్మీ, గీ నెత్తితోటి వస్తె గేటు కాణ్ణే వాపస్ పంపుతరు. పాస్‌పోట్ల ఫోటో ఎట్లున్నదో గట్ల కావాలె. తీపిచ్చుకొని రా."

అటునుంచి అటే కోరుట్ల పోయాను. కటింగ్ షాపాయన నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, జడలు చేత్తో ఎత్తి చూశాడు. ఈసారి నవ్వలేదు. మొదళ్లు తడిమాడు, గీతల కోసం వెతికాడు. చేయి వెనక్కి తీసుకున్నాడు.

"అప్పుడు కండ్లార చూసిన, పాపటలుండె. ఇప్పుడు ఒక్కటి లేదు. అమ్మ నిజంగ అచ్చి కూసున్నదిరా. నేను ముట్ట. పిల్లలు గలోన్ని, నీకు దండం పెడుత."

"గది మా అవ్వ చేసిందే!"

"అవ్వ చేస్తె గిట్లైతదా? పో బిడ్డా, కోపం చేసుకోకు."

నిజంగానే నాకు దండం పెట్టాడు. ఇంకో షాపుకు పోతే, అతను నన్ను లోపలికే రానివ్వలేదు. మండిపోతూ ఇంటికి వచ్చాను. అవ్వ వాకిట్లో బీడీలు చేస్తోంది. తునికాకు కత్తిరించే కత్తెర ఆమె పక్కనే ఉంది.

"గా కత్తెర ఇటియ్యి. నేనే కోసుకుంట. ఎల్లుండి ఇంటర్వ్యూ ఉన్నది."

అవ్వ కత్తెర తీసింది. ఇవ్వలేదు, చేతిలోనే పెట్టుకుంది.

"షాపాయన కొయ్యనన్నడా?"

"ముట్ట అన్నడు. దండం పెట్టిండు నాకు! అమ్మ అచ్చి కూసున్నదంట."

అవ్వ ముఖం మీద ఒక్క క్షణం ఏదో వెలుగు వచ్చింది. చేసిన పనికి మెప్పు దొరికిన మనిషి ముఖంలా. అప్పుడు నాకు అనుమానం వచ్చింది.

"నువ్వు గందుకే చేసినవా అవ్వా?"

చాట పక్కకు పెట్టింది. వేళ్లకు అంటిన పొగాకు దులుపుకుంది.

"నాకు ఏ అమ్మ రాలే కొడుకా, నీకు రాలే. అమ్మ అస్తె నేనెందుకు గింత గోస పడుత, ఒక్కొక్క ఎంటిక తోసుకుంట? గీతలుంటె ఎవడన్న కోస్తడు. గీతలు లేకపోతె ఎవడు ముట్టడు. ముట్టకపోతె నువ్వు పోవు."

నేను అవ్వ ఎదురుగా నేల మీద చతికిలబడ్డాను.

"మీ నాయన పోతాంటె ఆపనీకి నా దగ్గర ఏం లేకుండె," అంది. "నీకు గీ జడలు దొరికినయి."

కత్తెర నా ముందు నేల మీద పెట్టింది. "ఇగ నీ ఇష్టం. కోసుకుంట అంటె కోసుకో," అని చాట మళ్లీ ఒళ్లోకి లాక్కుంది. ఆకు చుట్టబోతే పొగాకంతా చీర మీద ఒలికింది. మా అవ్వ చేతిలోంచి పొగాకు ఒలకడం నేను ఎన్నడూ చూడలేదు.

పోతే బతుకు బాగుపడేదేమో. ఉంటే ఏం తిని బతకాలో ఆ పూట నాకు తెలియదు. ఏజెంటు ఫోన్ నా జేబులో మోగుతూనే ఉంది. ఏది సరైనదో తేల్చుకుందామని ఎంతసేపు కూర్చున్నా తేలలేదు. చివరికి లేచి, గోడకు ఆనించిన పీట తెచ్చి అవ్వ ముందు వేసుకుని, ఎప్పటిలాగే తల దించుకుని కూర్చున్నాను.

"గీ ఎడమ చెవి ఎనకది ఇంక సన్నగనే ఉన్నదవ్వా," అన్నాను. "చూడు, పాపట కనబడుతున్నది."