రాహుకాలానికి ముందే కారు కదలాలని

ఒకే కారుకు రెండు మెదళ్లు పెడితే, ఆ రెండింటినీ భక్తితోనే చంపిన మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. తెలియక చేశానని తప్పించుకోను. రెండోసారైతే వేలు చూపించి మరీ వద్దన్నారు. అయినా చేశాను.

మాది గద్వాల, మగ్గం ఇల్లు. మా ఆయన చీరలు నేస్తాడు, నేను కండెలకు నూలు చుడతాను. ఏడెనిమిదేళ్ల కిందట చీరలు చేరవేయడానికి ఒక పాత కారు కొన్నాం. ఆ దసరాకు ఆయుధపూజ కదా అని కారు ముందు మూత ఎత్తి, నీళ్ల పైపు పెట్టి, ఇంజనుకు నిండుగా తలంటు పోశాను. దేవుడి దయవల్ల ఇంజను పెళ్లికొడుకులా తళతళలాడింది. స్టార్టు మాత్రం కాలేదు.

కార్ల కరెంటు పని చేసే సలీం భాయ్ వచ్చి, లోపలినుంచి ఒక డబ్బా విప్పి చూపించాడు.

"గిది బండి కంప్యూటరు వదినా. ఇంజనుకు మెదడన్నట్టు. నీళ్లు పోయి లోపల అంతా ఖరాబైంది."

"ఎండల పెడితే ఆరదా భాయ్?"

"వడియమా వదినా, ఎండవెట్టనీకె?"

అట్లా మొదటి మెదడు పోయింది. కొత్తది కొనడం మా వల్ల కాదు కనుక సలీం భాయే హైదరాబాదులో పాత సామాన్ల బజారుకు పోయి, అదే రకం కారునుంచి తీసిన డబ్బా తెచ్చాడు. బిగించాడు. తాళం తిప్పాడు. కారు ఊ అనలేదు, ఆ అనలేదు.

"ఏం కాలే వదినా. గీ డబ్బాకు దాని పాత బండి తాళమే యాదున్నది. మీ తాళం చూసి దొంగలు వడ్డరనుకుంటాంది. ల్యాప్‌టాప్ పెట్టి పాతదంత తుడిచి, మీ బండి సంగతులు రాయాలె."

నాకు చప్పున అర్థమైంది. రెండో పెళ్లి చేసుకున్నవాడు పీటల మీద మొదటి భార్య పేరు పలికినట్టు, అంతే కదా!

ఆ రోజు శుక్రవారం. మేం నేసిన పెళ్లిచీర ఆలంపూరులో పెళ్లివారింటికి పొద్దుగూకేలోపు చేరాలి. సాయంత్రం దాన్ని జోగులాంబమ్మ పాదాల దగ్గర పెట్టించి, మర్నాడు పిల్లకు కట్టిస్తారు. మా ఆయన నలభై రోజులు వంచిన నడుము ఎత్తకుండా నేసిన చీర. అది చేరకపోతే పిల్ల ఏదో బజారు చీర కట్టుకుని పీటలెక్కుతుంది. ఆ ఊరినుంచి ఇక మా గడప తొక్కేవాళ్లుండరు.

సలీం భాయ్ కారుకు ల్యాప్‌టాప్ తగిలించి, తెర మీద పాకుతున్న పచ్చ గీతను చూపించాడు.

"గీ గీత నూరు దాక పోవాలె. అందాక తాళం ముట్టొద్దు. తిప్పితే డబ్బా ఖతం. సమజైందా వదినా?"

"అయింది భాయ్."

ఇంతలో సలీం భాయ్‌కి ఫోనొచ్చింది. మాట్లాడుతూ వీధిలోకి పోయాడు.

నేను బడికి పోలేదు. మా బాపు పంచాంగం ముందేసుకుని ఇంట్లోనే చదువు చెప్పాడు. అందుకని నాకు ఎక్కాల కంటే ముందు వర్జ్యాలు వచ్చాయి. శుక్రవారం రాహుకాలం పదిన్నరకు మొదలు. గోడ గడియారం పది ఇరవై ఆరు చూపిస్తోంది. పచ్చ గీత డెబ్బై ఒకటి దగ్గర, గట్టెక్కలేని ఎద్దులా ఆయాసపడుతోంది.

"ఏమయ్యో, రాహుకాలం వస్తాంది!" అని కేకేశాను.

"రానీ. వచ్చింది పోదా?" మా ఆయన లోపల చీర మూటగడుతున్నాడు.

"కొత్త మెదడుతోని బండి రాహుకాలంల షురువైతే ఎట్ల?"

"జరసేపు ఆగుదాం తీ."

"జరసేపా? గంటన్నర!"

"నువ్వైతే దాన్ని ముట్టకు."

ముట్టకు అన్నాడు సరే. కానీ ఒక్కసారి గుర్రుమనిపించి ఆపేస్తే ప్రారంభం జరిగినట్టే కదా, ఆ తర్వాత గీత ఎంత తీరిగ్గా నడిస్తే ఏం? శుభస్య శీఘ్రం అన్నారు పెద్దలు. ఆ పెద్దల్లో ఒక్కరికీ ల్యాప్‌టాప్ లేదని నాకప్పుడు తట్టలేదు. అద్దానికి బొట్టు పెట్టాను. కళ్లు మూసుకుని దండం పెట్టాను. తాళం తిప్పాను.

కారు ముసలి దగ్గు ఒకటి దగ్గింది. దీపాలన్నీ ఆరాయి. పచ్చ గీత ఎర్రబడింది. పది ఇరవై తొమ్మిది. ముహూర్తం మాత్రం అందింది!

సలీం భాయ్ పరుగెత్తుకొచ్చాడు. "తాళమెవరు తిప్పిండ్రు?"

"నేనే భాయ్. రాహుకాలమని..."

"రాహువన్న గంటన్నరకు ఇడుస్తడు వదినా. గిది ఇగ లేవది." తల పట్టుకుని తెర వైపు చూశాడు. "పాత బండిని మరిచిపోయింది, మీ బండి ఇంకా తెల్వది. ఎటూ గాకుండైంది పాపం."

మా ఆయన చీర మూటతో బయటికొచ్చాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గడియారం చూసి, "ఇప్పుడు రాహుకాలమే గదా, పన్నెండు దాక కూసుందామా?" అన్నాడు.

కూర్చోలేదు. సలీం భాయ్ మమ్మల్నిద్దరినీ తన స్కూటరు మీద బస్టాండులో దింపాడు. ఒక బస్సులో ఎర్రవల్లి చౌరస్తా దాకా, అక్కడ ఎండలో నిలబడి ఇంకో బస్సు. దారి పొడుగునా మూటను చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని, తెలిసిన దేవుళ్లందరినీ నిద్రలేపాను. ఒంటిగంటన్నరకు పెళ్లివారి గడప దగ్గరికి చేరాం.

పెళ్లిపిల్ల అవ్వ ఎదురొచ్చి చీరను కళ్లకద్దుకుంది. "పొద్దుగాలనే తెస్తమన్నరు, ఇంకా రాకపాయెనని మా కోడలు ఒకటే ఫికరు. నేనే చెప్పిన, మగ్గమోళ్లు పద్ధతి గలోళ్లు, రాహుకాలం పోయినంకనే పెళ్లిచీర తెస్తరని. అందుకే ఆగిండ్రు గదా బిడ్డా?"

మా ఆయన ఇంటి కప్పులో దూలాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నా నోరు నన్నడగకుండానే "అవునవ్వా" అంది.

"ఇన్నవా?" అని అవ్వ కోడలి వైపు తిరిగింది. "జర గీమెను చూసి నేర్చుకో!"

అవ్వ మమ్మల్ని పోనియ్యలేదు, సాయంత్రం గుడికి వెంటబెట్టుకుపోయింది. చీరను అమ్మవారి పాదాల దగ్గర చూసినప్పుడు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. చేర్చినందుకు దండం పెట్టాను, అబద్ధానికి చెంపలేసుకున్నాను, ఆపైన ప్రమాణం చేశాను: "తల్లీ! ఈ జన్మలో ఏ ఇంజనుకూ తలంటు పోయను. గీత నూరు చేరనిదే, సాక్షాత్తూ నువ్వే వచ్చి తిప్పమన్నా తాళం తిప్పను."

"గట్టిగ చెప్పు," అన్నాడు మా ఆయన పక్కనుంచి. "నాకు ఇనవడలే."

గట్టిగా చెప్పాను. గుడంతా వింది.