ఎడమ పక్క సముద్రం

నిమ్మకాయల గోతం మూతి విప్పగానే ఆఫీసు గదంతా పుల్లటి వాసన నిండిపోయింది. కోసిన కాయ వాసన కాదది, ముచ్చిక దగ్గర ఇంకా ఆకు అంటుకొని ఉన్నప్పుడు వచ్చే పచ్చి వాసన. ప్రతి ఆషాఢంలో గూడూరు నుంచి వెంకటసుబ్బయ్య గారు పంపిస్తారు. ఇద్దరు మనుషులు, ఒక ప్రింటరు ఉన్న ట్రావెల్స్ ఆఫీసుకు ఇన్ని కాయలెందుకండీ అని ఒకసారి ఫోన్లో అడిగాను. "మీ అన్న ఉన్నప్పుడు పంపినది ఇంతే కదా పాపా. ఆయన పోయినాడని కాయలు తగ్గిస్తానా?" అన్నారు. ఆ అన్న పేరు మునిరత్నం. తిరుపతి బస్టాండుకు కూతవేటు దూరంలో ఉన్న ఈ ఆఫీసు ఆయన పెట్టిందే. ఆయన పోయి రెండేళ్ళయింది. ఆయన కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను.

టూరిజం చదివి, పటం మీద ప్రపంచమంతా నా వేలి కిందే ఉందన్న పొగరుతో ఆ గడప తొక్కాను. నా సర్టిఫికెట్లు ఆయన తెరిచి చూడనే లేదు. "నువ్వు దినామూ చంద్రగిరి నించి రావాల కదా. ఆ దోవలో ఎడమ పక్క ఏమేం వస్తాయి, చెప్పు" అన్నాడు. బస్సు ఎక్కడం, ఫోను చూసుకోవడం, బస్సు దిగడం తప్ప నాకేం తెలుసు? "సరే, రేపు సూసుకోని వచ్చి చెప్పు. ఎల్లుండి కుడి పక్క" అన్నాడు. అదే నా ఇంటర్వ్యూ. చచ్చేంత కోపం వచ్చింది. అయినా మర్నాడు కిటికీకి ముక్కు ఆనించుకొని కూర్చున్నాను, కాలేజీకి పోతూ రెండేళ్ళుగా రోజూ దాటిపోయిన ఒక ఇటుకల బట్టీని ఆ పొద్దు మొదటిసారి చూశాను.

మునిరత్నం అన్న ఇరవై రెండేళ్ళు యాత్రల బస్సు తోలి, తర్వాత ఆఫీసు పెట్టుకున్న మనిషి. ఇంగ్లీషు రాదు, విమానం ఎక్కలేదు. కానీ ఆయనకున్నంత కుతూహలం నేను ఇంకెవరిలోనూ చూడలేదు. ఎవరు ఏ ఊరికి పోతామన్నా ఆ ఊళ్ళో పాలు ఎన్నింటికి వస్తాయో, స్నానానికి వేణ్ణీళ్ళు ఉంటాయో లేవో తెలుసుకుంటే గానీ నిద్ర పట్టేది కాదు. తాను పోని దోవకు మనిషిని పంపకూడదన్నది ఆయన పట్టుదల. కొత్త చోటైతే ముందు తనే పోయి వచ్చేవాడు.

అలాంటి మనిషి దగ్గరికి గూడూరు నిమ్మకాయల వ్యాపారి వెంకటసుబ్బయ్య, ఆయన భార్య రమణమ్మ వచ్చి ఆస్ట్రేలియా పోవాలన్నారు. టూరు బస్సులో కాదు. కారు అద్దెకు తీసుకొని, సముద్రం ఒడ్డునే పది రోజులు తనే తోలుకుంటూ పోతాడట. రాత్రిళ్ళు హాలిడే పార్కుల్లో ఉంటారట. ఆషాఢంలో అయితే మండీలో పని తక్కువ, అప్పుడే పోవాలి. "మీకు సముద్రం అరగంట దోవే కదండీ, అంత దూరం ఎందుకు?" అని నోరు ఆగక అడిగేశాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. రమణమ్మ గారు మాత్రం తల వంచుకొని చీర కొంగు సర్దుకుంది. అప్పుడు నాకేమీ తోచలేదు.

హాలిడే పార్కు అంటే ఏంటో మునిరత్నం అన్నకు నేను చెప్పాల్సి వచ్చింది. ఒడ్డున చిన్న చిన్న చెక్క ఇళ్ళు, గుడారాలు, ఇల్లు లాగా వాడుకునే బండ్లు నిలుపుకునే జాగా, అందరికీ కలిపి ఒక వంటిల్లు, బట్టలు ఉతుక్కునే చోటు. అన్నీ విని, "సత్రమే కదా పాపా. సముద్రం ఒడ్డున సత్రం" అని తేల్చేశాడు. నేను రెండు రోజులు కూర్చొని ప్లాను వేశాను. మెల్బోర్న్‌లో మధ్యాహ్నం విమానం దిగడం, అక్కడి నుంచే కారు తీసుకొని లేక్స్ ఎంట్రెన్స్ అనే ఊరికి రాత్రి ఎనిమిదికి చేరడం, అక్కడి నుంచి ఒడ్డు వెంట పైకి పోతూ చివరికి సిడ్నీ. మా యాత్రల బస్సుల లెక్కే అది. రాత్రంతా ప్రయాణం, తెల్లారి స్నానం, దర్శనం. పగలు దోవలో పోగొట్టుకోవడం మా ఆఫీసులో పాపం కింద లెక్క. అన్న చూసి బాగుందన్నాడు.

బాగుందని ఊరుకునే రకమా? "ఆ సత్రమోళ్ళకి ఫోను చెయ్యి, నేను అడగతా" అని పక్కన కూర్చున్నాడు. అవతల ఒక పెద్దావిడ ఎత్తింది. పొయ్యి గ్యాసుదా, కరెంటుదా? సంగటి కెలికేంత పెద్ద గిన్నె ఉంటుందా? నేను సిగ్గుపడుతూనే అన్నీ ఇంగ్లీషులో అడిగాను. ఆఫీసు ఐదున్నరకే మూసేస్తామని, ఆ తర్వాత వచ్చేవాళ్ళకు తాళంచెవి తలుపు పక్కన డబ్బాలో పెట్టి పోతామని ఆవిడ చెప్పింది. అన్న ఆశ్చర్యపోయాడు. "డబ్బాలో పెట్టి పోతే దొంగలు రారా? అడుగు." నేను అడగనన్నాను. "అడుగు పాపా, తెలుసుకుంటే తప్పేముండాది?" చివరికి అడిగాను. ఆవిడ పకపకా నవ్వి, దొంగలు రారు గానీ కంగారూలు వస్తాయంది. వెంటనే గొంతు మార్చి, జూలైలో మాకు చలికాలం, ఐదు దాటగానే సూర్యుడు దిగిపోతాడు, ఆ వేళ జంతువులు రోడ్డు మీదికి వస్తాయి, అలవాటు లేని వాళ్ళను చీకట్లో తోలనివ్వొద్దు అని గట్టిగా చెప్పింది.

అక్కడ చలికాలమని నాకు తెలియక కాదు. స్వెట్టర్లు పెట్టుకోమని రాశాను కూడా. పొద్దు తొందరగా కుంగుతుందన్న సంగతి మాత్రం బుర్రకు ఎక్కలేదు. అన్న తిడతాడనుకున్నాను. "నేనూ సూసి సరే అనింటి కదా. ఇద్దరికీ బస్సు బుద్ధి పోలేదు" అని ప్లాను కాగితం తిప్పి పెట్టాడు. "దోవ తగ్గిద్దాం. కానీ ఎంత తగ్గించినా ఒక దినం ఆలస్యం అయితాది. ఆ దినం ఆయన ఎట్ల తోల్తాడో సూడాల. ఆస్ట్రేలియాకి నేను పోలేను. అన్ని గంటలు ఈడనే తిరిగొద్దాం పా."

అలా ఒక మధ్యాహ్నం గూడూరు నుంచి మేం నలుగురం బయల్దేరాం. వెంకటసుబ్బయ్య గారు స్టీరింగు దగ్గర, అన్న పక్కన, రమణమ్మ గారూ నేనూ వెనక. సూళ్లూరుపేట మీదుగా సత్యవేడు, అక్కడి నుంచి తిరుపతి. కిలోమీటర్లు సమానం కాకపోయినా ఫరవాలేదు, గంటలు సమానం కావాలన్నాడు అన్న. వెంకటసుబ్బయ్య గారు బాగానే తోలాడు. సత్యవేడు దాటాక ఒక టీ కొట్టు దగ్గర ఆగాం. టీ తాగేలోపు పొద్దు కుంగింది. మాకందరికీ ఇంకా దోవ కనిపిస్తున్న వెలుతురే అది. వెంకటసుబ్బయ్య గారు లేచి కారు దగ్గరికి నడిచి, తలుపు పిడికి ఒక జానెడు పక్కన చెయ్యి పెట్టి తడమసాగాడు. రమణమ్మ గారు చప్పుడు చేయకుండా పోయి ఆయన చెయ్యి పట్టుకొని పిడి మీద పెట్టింది. ఆ పని ఆమెకు ఎంత అలవాటో ఆ చెయ్యి చూస్తేనే తెలిసిపోయింది.

అన్న కారు ఎక్కలేదు. "ఇంకో టీ తాగుదాం రాప్పా" అని ఆయన్ను వెనక్కి పిలిచి, కొట్టు బల్బు కింద బెంచీ మీద కూర్చోబెట్టాడు. "ఎన్నాళ్ళ నించి?"

వెంకటసుబ్బయ్య గారు గ్లాసు కింద పెట్టాడు. "రెండేండ్లు. రేచీకటి. అంచుల నించి మూసుకుంటా వస్తాదంట, డాక్టరు చెప్పినాడు. మండీలో తెలిస్తే వీడికి కాయ రంగు ఏం తెలుస్తాది అంటారు. అందుకే ఎవరికీ చెప్పలే." తర్వాత నా వైపు తిరిగాడు. "ఆ పొద్దు అడిగినావు కదా పాపా, మన సముద్రం ఉండంగా అంత దూరం ఎందుకని. మన సముద్రం ఎదురుగా కనపడతాది. ఆడ దినాలకొద్దీ పక్కనే వస్తాదంట. నాకు పోయేది పక్క చూపే. అది ఉండంగానే ఒకసారి నిండుగా సూసుకోవాల." ఆ ప్రశ్న నేను ఎంత తేలిగ్గా అడిగానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"సూడు. కానీ తోలొద్దు" అన్నాడు అన్న.

"తోలాలనే కదన్నా నా ఆశంతా."

"ఇరవై రెండేండ్లు తోలినా నేను. రామేశ్వరం, కన్యాకుమారి, పూరీ. 'డ్రైవరన్నా, సముద్రం' అని బస్సంతా ఒక పక్కకి ఒరిగేది. నేను ముందర పోయే లారీని సూసుకుంటా పోయేది. నాకు గుర్తుండేది రోడ్డు మీద తెల్ల గీత ఒక్కటే. తోలేవాడికి సముద్రం యాడిదప్పా?"

మరెవరు తోలతారన్న మాట ఎవరూ అనకముందే రమణమ్మ గారు నోరు విప్పింది. "తోట నించి మండీకి కాయల బండి తోలేది నేనే కదన్నా, పన్నెండేండ్లుగా. లైసెన్సు ఉండాది. ఎవరూ అడగలే." వెంకటసుబ్బయ్య గారు భార్య వైపు చూడకుండానే కారు తాళాలు జేబులోంచి తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆ తాళాలు తీయడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో నాకు తెలుసు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. అన్న ఆమె సంచిలోంచి నిమ్మకాయలు తీసి బెంచీ మీద వరసగా పేర్చాడు. "ఇది మెల్బోర్న్. ఇది సిడ్నీ. ఈ వరస ఒడ్డు, అవతల సముద్రం. ఆడ బండ్లు మన మాదిరే ఎడమ పక్క పోతాయి కదా పాపా?" అవునన్నాను. అగ్గిపెట్టెను కారులాగా నా ప్లాను ప్రకారం మెల్బోర్న్ నుంచి సిడ్నీకి జరిపాడు. "ఇట్ల పోతే సముద్రం కుడి పక్క. తోలే ఆమె పక్క. ఈయన పక్క ఏముండాది? కొండ, గోడ." అగ్గిపెట్టె తిప్పి సిడ్నీ నుంచి కిందికి జరిపాడు. "ఇట్ల వస్తే?" ఎడమ సీటు పక్కనే, మధ్యలో ఎదురు బండి కూడా అడ్డం లేకుండా, బెంచీ చివరి దాకా సముద్రం. నేను రెండు రోజులు పటం ముందర కూర్చున్నాను. ఎవరు ఏ పక్క కూర్చుంటారన్న ఆలోచన నాకు ఒక్కసారీ రాలేదు. టికెట్లు ఇంకా తీయలేదు కాబట్టి మర్నాడే ప్లానంతా తలకిందులు చేశాను. ప్రతి రోజుకూ పొద్దు కుంగే వేళ రాశాను. దానికి గంటన్నర ముందే పార్కు చేరాలి. గంటకోచోట అన్న చెప్పిన మాటలే రాశాను: "ఇక్కడ బండి ఆపాలి. రమణమ్మ గారు కూడా చూడాలి."

శ్రావణంలో ఇద్దరూ తిరిగి వచ్చారు. అన్న ప్లాను కాగితం ముందర పెట్టుకొని, పెన్సిలు పట్టుకొని మొదటి రోజు నుంచి ఒక్కొక్కటే అడిగాడు. వెంకటసుబ్బయ్య గారు కళ్ళు మూసుకొని చెప్పారు. సిడ్నీ దాటిన కాసేపటికే కొండ అంచున, నీళ్ళ మీదనే కట్టిన వంతెన వచ్చిందట, తన మోచేతి కింద అలలు కనిపించాయట. ఎడమ చెయ్యి గాల్లోకి చాపి చూపిస్తుంటే అన్న ఆ చెయ్యినే చూస్తూ కూర్చున్నాడు. "నాకు మాత్రం తెల్ల గీతే కనపడిందన్నా" అని రమణమ్మ గారు అంటే, "అయితే నువ్వూ మా డ్రైవర్ల జాతే" అని అన్న నవ్వాడు.

ఆయన నవ్వినా నా మనసులో ఆ మాట ముల్లులా ఉండిపోయింది. ఆయన దగ్గరే తోలడం నేర్చుకున్నాను. ఆయన గుండె పరీక్షకు చెన్నై పోవాల్సి వచ్చినప్పుడు నేనే తోలుకొని పోతానన్నాను. పుత్తూరు మీదుగా పోతే దగ్గర. నేను నాయుడుపేట వైపు తిప్పాను. సూళ్లూరుపేట దాటాక ఆయన పటం లేకుండానే పసిగట్టాడు. "దోవ తప్పినావు పాపా."

"తప్పలేదన్నా. ఎడమ పక్క చూడండి."

తడ వైపు పోయే ఆ దోవలో పులికాట్ సరస్సు నీళ్ళు అక్కడక్కడ కనిపిస్తాయి. అద్దం దించి ఆయన అటు తిరిగాడు. నేను తెల్ల గీత మీదే కళ్ళు పెట్టి నెమ్మదిగా తోలాను. ఆ నీళ్ళు ఏ ఊరివి, ఆ పక్షులు ఏమి తింటాయి అని అడుగుతాడనుకున్నాను. నీళ్ళు కనుమరుగయ్యే దాకా ఏమీ అడగలేదు. ఆయన ప్రశ్న అడక్కుండా ప్రయాణం చేయడం నేను చూసింది ఆ ఒక్కసారే.

నిన్న కాయలు అందాయని గూడూరుకు ఫోను చేశాను. వెంకటసుబ్బయ్య గారికి ఇప్పుడు ఎదురుగా రూపాయి బిళ్ళంత చూపు మిగిలింది. "ఎడమ పక్క మాత్రం ఇంకా మూసుకోలేదు పాపా, కండ్లు మూస్తే నీళ్ళు కదల్తానే ఉండాయి" అన్నారు. ఈ పొద్దున ఒక కుటుంబం వచ్చింది. ఎక్కడికో చెప్పారు, ఎన్ని రోజులో చెప్పారు. నేను కాగితం తీసి, మొదటి గీత మీద పెన్ను ఆనించి, "కిటికీ పక్కన ఎవరు కూర్చుంటారు?" అని అడిగాను. ఇదేం ప్రశ్నన్నట్టు మొహమొహాలు చూసుకొని నవ్వారు. వాళ్ళు చెప్పేదాకా నేను పెన్ను కదపలేదు.