రాహుకాలం ముగిసింది, నేను ముగించలేదు

పేదవాళ్లు ఎందుకు పేదవాళ్లుగా ఉన్నారని అడిగితే, మూఢనమ్మకాల వల్లేనని మీరూ తేల్చేస్తారా? ఆ రోజుల్లో నేను తేల్చేసేవాణ్ణి. పొట్టకోసం ఓ చిన్న అప్పుల సంస్థలో ఉద్యోగం, ప్రాణం మాత్రం హేతువాదం. నా సంచిలో అప్పు కాగితాలకంటే కరపత్రాలే ఎక్కువ (మేనేజరుకు తెలియదు).

ఒక గురువారం మధ్యాహ్నం వడమాలపేట దగ్గర ఓ ఊరికి వెళ్లాను. ఐదుగురు ఆడవాళ్ల జట్టు. ఐదుగురూ నా మిషను మీద వేలిముద్ర వేస్తేనే అప్పు ఖాతాల్లో పడుతుంది. వాళ్లలో ఇడ్లీలక్క రోట్లో పిండి రుబ్బీ రుబ్బీ భుజం పట్టేసి, పుత్తూరులో ఓ పాత గ్రైండరు బేరం చేసుకుంది. మూడున్నరలోగా డబ్బు పంపకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడట అమ్మేవాడు. జట్టుకు పెద్దయిన అవ్వ మాత్రం గుప్పిలి బిగించి కూర్చుంది. "మూడు దాకా రాహుకాలం ఉండాది నాయనా. అంతవరకూ అప్పు ముట్టకూడదు."

నాకు అంతకంటే ఏం కావాలి? లేచి నిలబడి రాహువనే గ్రహమే లేదన్నాను. శ్రీహరికోట రాకెట్లను కూడా సాక్ష్యానికి పిలిచాను. నేను ఆగినప్పుడల్లా అవ్వ, "గ్రహణం సంగతి గూడా సెప్పు నాయనా" అనేది. మనిషి మారుతోందని మురిసిపోయాను (పొద్దు గడుపుతోందని తట్టలేదు). మూడయింది. అవ్వ గుప్పిలి విప్పింది. అందరూ వేళ్లు కొంగుకు తుడుచుకుని వరసగా నిలబడ్డారు. నేను అప్పుడే బల్లిపాటు ముగించి పునర్జన్మలోకి దిగాను. మిషను నా చంకలోనే ఉంది. ఇడ్లీలక్క ఫోను రెండోసారి మోగింది, పుత్తూరు నుంచే. ఆమె వచ్చి నా చొక్కా చెయ్యి పట్టుకుంది.

"సారూ, రాహుకాలం పొయ్యి ఇరవై నిమిషాలయింది. ఇంగ అడ్డంగా ఉండేది నువ్వే."

పునర్జన్మను అక్కడే వదిలేసి మిషను తీశాను. గడువుకు రెండు నిమిషాల ముందు డబ్బు పుత్తూరు చేరింది. ఇడ్లీలక్క ఇప్పుడు తిరుపతి హోటళ్లకు పిండి పంపుతోంది, నాలుగు గ్రైండర్లు, జీతానికి ఇద్దరు మనుషులు. ఆమెకు కొరవడింది గ్రైండరు, నా జ్ఞానం కాదు. రాహువును ఇప్పటికీ నమ్మను. కానీ చంకలో మిషనుతో లోకాన్ని ఉద్ధరిస్తున్న ఆ కుర్రవాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తాడు. మీ వీధిలో ఎవరైనా కుట్టుమిషనుకో తోపుడుబండికో చేబదులు అడిగితే, నోరు మూసుకుని ముందు డబ్బివ్వండి.