చేపపిల్లల తొట్టి, నాయనమ్మ ముక్కు

మా వంటింట్లో గుడ్లు ఉడికే వాసన వచ్చిందంటే నాకు అనుమానం మొదలవుతుంది. గిన్నె ఎవరు కడిగారు, పక్కనున్న గుడ్డ ఎక్కడిది అని చుట్టూ చూస్తాను. ఈ బుద్ధి నాకు మా నాయనమ్మ నుంచి వచ్చింది.

తొంభైల చివర్లో, ప్రత్తిపాడు దగ్గరి మా ఊళ్లో, ఎన్ని మందులు కొట్టినా పచ్చపురుగు చావక, సాయంత్రానికల్లా కళ్లెర్రబడి అరుగు మీద కూలబడి వాంతులు చేసుకునే మా నాన్న, పత్తి మీద విరక్తి పుట్టి పెరట్లో సిమెంటు తొట్లు కట్టించి, కంటికి సరిగా ఆనని చేపపిల్లల్ని తెచ్చి పోశాడు. అవి చెరువులో వదిలేంతగా పెరిగితే ఇక మందు పంపు ముట్టనన్నాడు. ఆ మాట విన్న నాయనమ్మ తొట్ల పక్కనే మంచం వేసేసింది.

శ్రావణమాసపు ముసురు, తడిసిన నల్లరేగడి, వంటింట్లో వేగుతున్న పూర్ణం బూరెలు, చిల్లుల గొట్టంలోంచి తొట్టిలోకి జల్లుగా పడే బోరు నీళ్లు, వీటన్నిటి మధ్య నాయనమ్మ ఉడికిన పచ్చసొనను నీళ్లలో చిదిపి, పలచటి గుడ్డలో వడగట్టి ఆ పిల్లలకు పోసేది. చుట్టూ పత్తి చేలే. మందు చుక్క తగిలినా పిల్లలు చస్తాయని ఆమె భయం. అందుకే తొక్కుడుబిళ్ల ఆడి వచ్చిన నన్ను కూడా వదిలేది కాదు. "ఏదే, చేతులిటు చూపియ్యి" అని ముక్కు దగ్గర పెట్టుకున్నాకే దగ్గరికి రానిచ్చేది.

ఒకరోజు వడగట్టే గుడ్డ చిరిగింది. పొద్దున్నే మా పెరడు ఊడ్చి, ఆ తర్వాత పత్తిలో కలుపుకు వెళ్లే మరియమ్మ, తన పాత చీర ముక్క తెచ్చిచ్చింది.

"ఉడకేసి ఆరేశానమ్మగారూ."

"నువ్వు తిరిగేది పత్తి చేలల్లో. నీ గుడ్డ మాకొద్దు."

నాయనమ్మ పెట్టె తెరిచి, కలరా ఉండల వాసన కొడుతున్న నాన్న పాత తువ్వాలు తీసింది. మనింటి గుడ్డ కదా, ముక్కు దగ్గర పెట్టుకోలేదు.

తెల్లారేసరికి పిల్లలన్నీ చచ్చి తొట్ల అడుగున తెల్లగా పేరుకుపోయాయి. పెరడు ఊడ్చే నీ చేతుల మందే తగిలిందని నాయనమ్మ మరియమ్మను నోటికొచ్చినట్టు తిట్టి వెళ్లగొట్టింది. మధ్యాహ్నం ఆ తువ్వాలును వేడినీళ్లలో నానేసి పిండబోతే పత్తి మందు వాసన గుప్పుమంది. మందు కొట్టేటప్పుడు నాన్న మూతికి కట్టుకున్న తువ్వాలు అది.

నాయనమ్మ నన్ను వెంటబెట్టుకుని మరియమ్మ ఇంటికి నడిచింది. గుమ్మంలో నిలబడి రెండు చేతులూ చాపింది.

"చూడవే మరియమ్మా."

మరియమ్మ మొహమాటపడలేదు. నాయనమ్మ చూసినట్టే తిప్పి తిప్పి వాసన చూసింది.

"మందు వాసనేనమ్మగారూ" అంది. లోపలికెళ్లి సబ్బు, చెంబుతో నీళ్లు తెచ్చింది.

ఆ వారమే నాన్న మళ్లీ పంపు వీపుకు తగిలించుకున్నాడు. ఆయన వెళ్తుంటే నాయనమ్మ బయటికి రాలేదు. నాకు ఏడుపొచ్చింది.

ఇప్పుడు ఆ తొట్లు లేవు, అక్కడ మిరపకాయలు ఆరబోస్తున్నారు. నాయనమ్మా లేదు. మా పాప గుడ్డు కోసం చెయ్యి చాపుతుంది. ముందు నా చేతులు వాసన చూసుకుంటాను, ఆ తర్వాతే పెడతాను.