ఇంతకంటే పెరగని అక్షరాలు

షుగర్ వల్ల మా ఆయనకు చూపు బాగా తగ్గిపోయింది. రామచంద్రపురంలో మా బట్టల కొట్లో బేరాలు లేనప్పుడల్లా నవల పట్టుకుని కూర్చునే మనిషి. ఈ రోజు మధ్యాహ్నం ఆయన కోసం ట్యాబ్‌లో రెండు యాప్‌లు వేశాను. ఒకటి చదువుకోవడానికి, ఇంకొకటి వినడానికి.

ముందు చదివేదే పెట్టమన్నారు. అక్షరాలు పెంచుకుంటూ పోయాను. చివరికి తెర నిండా రెండు మాటలే మిగిలాయి. ట్యాబ్‌ను ముఖానికి ఆనించుకుని చూశారు.

"ఇంకాస్త పెద్దవి చెయ్యవే."

"ఇంతకంటే పెరగవండి."

ట్యాబ్‌ను ఒళ్లోకి దించుకున్నారు. తర్వాత, "పోనీ, ఆ వినేదే పెట్టు" అన్నారు.

ఎవరో అమ్మాయి కథ చదవడం మొదలుపెట్టింది. గొంతు బాగుంది. ఆయన కళ్లు మూసుకుని వింటూనే, అలవాటు కొద్దీ పేజీ తిప్పబోయినట్టు తెర మీద వేలు జరిపారు. కథ ఆగిపోయింది.

"ఏంటి, అప్పుడే అయిపోయిందా?" అన్నారు.

మళ్లీ మొదటి నుంచి పెట్టి, పక్కనే కూర్చున్నాను.

తెలుగు నవలలు తొందరపడకుండా చదివి వినిపించే యాప్ మీకేదైనా తెలిస్తే చెప్పండి. వేలు తగిలినా ఆగనిదైతే మరీ మంచిది.