తొమ్మిదో నెలలో ఓడా, విమానమా

పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటున్న మా చెల్లి లక్ష్మిని తొలి పురుటికి మా ఊరు పద్మనాభానికి తీసుకురావాలి. ఓడలోనా, విమానంలోనా అని ఇంట్లో నెల రోజులు తర్జనభర్జన జరిగింది. ఓడ ఊపేస్తుందని నేను, విమానంలో చెవులు పోటెత్తి కడుపులో బిడ్డకేమైనా అవుతుందని అమ్మ. తేల్చేలోగా ఎనిమిదో నెల వచ్చిపడింది. ఎనిమిదిలో కడుపుతో ఉన్న పిల్లను ఊరు దాటించడం మాలో లేదు. తొమ్మిది రానిమ్మంది అమ్మ. నేనూ తలూపాను.

చివరికి నేను ఓడలో వెళ్లి, చెల్లిని విమానంలో తెచ్చేట్టు కుదిరింది. దాని చెవుల్లో పెట్టమని అమ్మ దూది చుట్టి ఇచ్చింది.

విశాఖ నుంచి ఓడ నెలకొకటి ఉంటే గొప్ప. మాది నాలుగు రోజులు ఆలస్యంగా, మధ్యాహ్నం రెండింటికి కదిలింది. భోజనం పరవాలేదు, పచ్చడి మాత్రం మీరే తీసుకెళ్లండి. పక్క బెర్తులో విశాఖ దగ్గరి యారాడ అతను, చేపల పనికి వెళ్తున్నాడు. నేను చెల్లిని తేవడానికి వెళ్తున్నానని చెప్పాను.

"సెల్లికి ఎన్నో నెల బావ?"

"తొమ్మిది."

"మరి ఇమానమోల్లు ఎక్కనిత్తారేటి?"

టికెట్ తీశాం కదా అన్నాను. అతను అటు తిరిగి పడుకున్నాడు.

నాలుగో రోజు ఉదయం ఏడింటికి దిగాను. రెండు రోజులు చెల్లి ఇంట్లో ఉండి, మూడో రోజు తొమ్మిదింటికి విమానాశ్రయం చేరాం. లక్ష్మి కొత్త చీర కట్టుకుంది. కౌంటర్‌లో అమ్మాయి ఆసుపత్రి కాగితం చూసి, ముప్పై ఆరు వారాలు దాటాయి, ఎక్కించం అంది. మేం నెలలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాం, వాళ్లు వారాలు లెక్కపెట్టారు.

"పోనీ ఓడ మీద ఎల్దామా అన్నియ్యా?" అంది లక్ష్మి. ఆటోలో ఓడల ఆఫీసుకు పరుగెత్తాం. అక్కడి డాక్టరూ కుదరదన్నాడు.

"ఎనిమిదిలోనే ఎక్కించీమని నాను సెప్పేను గదా" అన్నాడు మాతో వచ్చిన లక్ష్మి భర్త. కోపంగా కూడా అనలేదు. అత్తగారు పోయిన ఆ ఇంట్లో పురుటికి ఆడదిక్కు లేదు. చేజేతులా చెల్లిని ఎంత ఇబ్బందిలో పడేశామో అప్పుడు తట్టింది నాకు.

అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "సరే, ఫోనెట్టీ" అని తనే పెట్టేసింది.

స్టీల్ ప్లాంట్‌లో నా సెలవు అయిపోయింది. మర్నాడు ఒక్కడినే విమానం ఎక్కాను. చెన్నైలో మారి, నాలుగింటికి విశాఖలో దిగాను. పక్క సీటు ఖాళీగా రావడం చూడలేక దారంతా కిటికీలోంచే చూశాను.

బయటికి వస్తే ఎదురుగా అమ్మ. చేతిలో సంచి, అందులో బాలింతకు పెట్టే కాయం డబ్బా. పక్కింటివాళ్ల చేత టికెట్ తీయించుకుందట.

"విమానమంటే భయమన్నావు కదమ్మా."

"ఓడ ఎప్పుడో సెప్పలేమన్నారు. సెన్నై ఇమానం ఆరున్నరకుందంట, రేపొద్దున అక్కడ మారాలంట" అంది. గేటు దాకా వెళ్లి ఆగి, వెనక్కి చెయ్యి చాపింది.

"నానిచ్చిన దూది ఉందా?"

జేబులోంచి తీసి ఇచ్చాను.